చైనీస్ చదివే పిల్లలకు డిస్లెక్సియా ఎక్కడ అడ్డుపడుతుంది?

క్లుప్తంగా: చైనీస్ బొమ్మల లిపి కాబట్టి అక్కడి పిల్లలకు డిస్లెక్సియా (తెలివితేటలు బాగానే ఉన్నా చదవడం, రాయడం పట్టుబడని ఇబ్బంది) రాదనే మాట చాలాకాలం చలామణీ అయింది. 1980ల నుంచి వచ్చిన పరిశోధనలు దాన్ని తోసిపుచ్చాయి. అయితే ఇంగ్లీషు చదివే పిల్లల్లో ముందుగా కనిపించే ధ్వని లోపం (మాటను చిన్న ధ్వనులుగా విడదీయలేకపోవడం) ఒక్కదానితో చైనీస్ పిల్లల ఇబ్బందిని వివరించలేం. చూసినదాని పేరు వెంటనే నోటికి రాకపోవడం, అక్షరం లోపలి భాగాల అమరిక పట్టుబడకపోవడం, ఒకేలా పలికే వేర్వేరు అర్థాలను విడదీయలేకపోవడం అక్కడ ముందు వరుసలో ఉన్నాయి. ఒకే పిల్లవాడిలో ఇవి రెండు మూడు కలిసి కనిపించడం మామూలే.

అపోహకు మూలం

1968లో జపాన్ వైద్యుడు కియోషి మకిటా అక్కడి ఉపాధ్యాయులను సర్వే చేసి, చదవడంలో ఇబ్బంది పడే పిల్లలు నూటికి ఒక్కరు కూడా లేరని రాశారు. సమస్య పిల్లల్లో కన్నా లిపిలోనే ఎక్కువ ఉందన్నది ఆయన వాదన. 1971లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మరో ప్రయోగం జరిగింది. ఇంగ్లీషు చదవలేకపోతున్న రెండో తరగతి పిల్లలకు 30 చైనీస్ అక్షరాలు నేర్పి, ఒక్కో అక్షరాన్ని ఒక్కో ఇంగ్లీషు పదంగా చదవమన్నారు. కొద్ది గంటల్లోనే పిల్లలు వాక్యాలు చదివేశారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లకు, తూర్పు ఆసియా లిపులు డిస్లెక్సియాకు విరుగుడు అనిపించింది.

రెండింటిలోనూ లొసుగులు ఉన్నాయి. మకిటా లెక్క పిల్లలకు పరీక్ష పెట్టి తేల్చింది కాదు, ఉపాధ్యాయుల అంచనా. కష్టపడితే ఎవరైనా నేర్చుకుంటారని గట్టిగా నమ్మే సమాజంలో, వెనకబడిన పిల్లవాడిపై బద్ధకస్తుడన్న ముద్ర పడుతుంది తప్ప సమస్య ఉన్నవాడిగా ఎవరూ లెక్కించరు. ఇక ఫిలడెల్ఫియా ప్రయోగంలో ఉన్నవి 30 అక్షరాలే. వాటిని ఏ పిల్లవాడైనా రూపాన్ని బట్టి గుర్తుపెట్టుకోగలడు. ఒకదాన్నొకటి పోలిన అక్షరాలు వందల్లో, వేలల్లో మీద పడినప్పుడే అసలు ఇబ్బంది మొదలవుతుంది.

1982లో అమెరికా మనస్తత్వవేత్త హెరాల్డ్ స్టీవెన్‌సన్ బృందం పరీక్షలే పెట్టింది. జపాన్‌లోని సెండాయ్, తైవాన్‌లోని తైపే, అమెరికాలోని మినియాపొలిస్ నగరాల్లో ఐదో తరగతి పిల్లలను, మూడు భాషల్లోనూ సరితూగేలా తయారు చేసిన పాఠాలతో పరీక్షిస్తే, చదవడంలో తీవ్రంగా వెనకబడినవాళ్లు మూడు చోట్లా తేలారు. తర్వాత హాంకాంగ్‌లో చేసిన ఒక అధ్యయనం, 2007లో ప్రచురితమైంది, పిల్లల్లో 9.7 శాతం మందికి డిస్లెక్సియా ఉన్నట్టు అంచనా వేసింది. అందులో ఎక్కువ భాగం స్వల్ప స్థాయిదే. లిపి ప్రభావం అసలే లేదని దీని అర్థం కాదు. జపాన్ పిల్లలు ధ్వనులను రాసే కానా అక్షరాలతో (హిరగానా, కటకానా అని రెండు రకాలు) పాటు చైనీస్ నుంచి తెచ్చుకున్న కాంజీ అక్షరాలూ నేర్చుకుంటారు. 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో హిరగానా చదవడంలో ఇబ్బంది పడ్డవారు 0.2 శాతం, కటకానాలో 1.4 శాతం, కాంజీలో 6.9 శాతం. పిల్లలు వాళ్లే, బడి అదే, లిపి మారేసరికి అంకె మారింది. పైగా ఎక్కువ ఇబ్బంది వచ్చింది ‘బొమ్మల లిపి’ అనుకున్న కాంజీలోనే.

ఒక చైనీస్ అక్షరంలో ఏముంటుంది

బొమ్మను పోలిన అక్షరాలు చైనీస్‌లో కొన్నే. ఎనభై శాతానికి పైగా అక్షరాలు రెండు భాగాలు కలిపి కట్టినవి. ఒక భాగం అర్థం ఏ కోవకు చెందిందో సూచిస్తుంది, రెండోది ఎలా పలకాలో సూచిస్తుంది. వీటిని అర్థసూచి, ధ్వనిసూచి అనుకోవచ్చు.

‘ఛింగ్’ అని పలికే ఒక అక్షరం ఉంది, దానికి పచ్చని లేదా నీలి రంగు అని అర్థం. దాని ఎడమ పక్కన నీటిని సూచించే మూడు చుక్కలు పెడితే ‘తేట’ అవుతుంది. సూర్యుడి గుర్తు పెడితే మబ్బు లేని ఆకాశం, హృదయం గుర్తు పెడితే మనోభావం, మాట గుర్తు పెడితే విన్నపం. స్వరం, అంటే పలికేటప్పుడు గొంతు ఎక్కడం దిగడం, కొంచెం మారినా నాలుగింటినీ ‘ఛింగ్’ అనే పలుకుతారు. ఇక్కడిదాకా పద్ధతిగానే ఉంది. కానీ అదే ధ్వనిసూచి పక్కన కన్ను గుర్తు పెడితే కనుపాప, అప్పుడు పలకాల్సింది ‘చింగ్’. కుక్క గుర్తు పెడితే ‘ఊహించు’ అనే క్రియ, దాన్ని ‘త్సాయ్’ అంటారు. అంటే ధ్వనిసూచి కొన్నిసార్లు నేరుగా దారి చూపుతుంది, కొన్నిసార్లు సగం దూరం తీసుకెళ్లి వదిలేస్తుంది, అప్పుడప్పుడూ పక్కదారి పట్టిస్తుంది. ఎప్పుడు నమ్మాలో పిల్లలకు ఎవరూ సూత్రం చెప్పరు. వందల అక్షరాలు చూశాక వాళ్లకే అలవాటవ్వాలి.

తెలుగుతో పోలిస్తే ముఖ్యమైన తేడా ఇంకొకటి. తెలుగులో ‘మా’ రాస్తే దీర్ఘం ఎక్కడుందో వేలు పెట్టి చూపించవచ్చు. చైనీస్‌లో తల్లి అని అర్థమిచ్చే ‘మా’ అక్షరంలో స్త్రీ గుర్తు, గుర్రం గుర్తు ఉంటాయి. గుర్రాన్ని కూడా ‘మా’ అనే అంటారు కాబట్టి అది ధ్వనిసూచి. అంతేకానీ ఏ గీత ‘మ్’, ఏ గీత ‘ఆ’ అని అడిగితే జవాబు లేదు. ఒక్కో అక్షరం ఒక పూర్తి అక్షరోచ్చారణకూ, సాధారణంగా ఒక అర్థానికీ గుర్తు.

సంఖ్య సంగతీ చూడాలి. చైనా పాఠ్యప్రణాళిక ప్రకారం రెండో తరగతి అయ్యేసరికి సుమారు 1600, ఆరో తరగతి అయ్యేసరికి 3000 అక్షరాలు గుర్తుపట్టాలి. వాటిలో 2500 రాయగలగాలి. ఇక స్వరాలు పక్కనపెడితే చైనా ప్రామాణిక భాష మాండరిన్‌లో ఉన్న అక్షరోచ్చారణలు 400 పైచిలుకే, స్వరాలు కలిపినా 1300 దాటవు. వేల అక్షరాలకు ఇన్నే ఉచ్చారణలు కాబట్టి ఒకేలా వినిపించే మాటలు కుప్పలుతెప్పలుగా ఉంటాయి. ‘షి’ అనే ఉచ్చారణకే పది, కాలం, సింహం, కవిత్వం, నగరం, విషయం అంటూ ఎన్నో అర్థాలు. చదవడం నేర్చుకునే పిల్లల మీద చైనీస్ మోపే భారం ఏమిటో ఈ లెక్కలోనే ఉంది, లోపాలు బయటపడే చోట్లు కూడా దీన్నిబట్టే ఉంటాయి.

ధ్వని లోపం ఉంది, కానీ ఒంటరిగా లేదు

ఇంగ్లీషు చదివే పిల్లల్లో డిస్లెక్సియాకు ఎక్కువ మంది ఒప్పుకునే వివరణ ఇది: మాటను చిన్న చిన్న ధ్వనులుగా విడదీయడం కష్టమవుతుంది, అందువల్ల అక్షరాన్ని ధ్వనితో జతచేయడం కుదరదు. చైనీస్ పిల్లల్లోనూ ధ్వనికి సంబంధించిన ఇబ్బందులు కనిపిస్తాయి. ప్రాస గుర్తుపట్టడం, స్వరాల తేడా పట్టుకోవడం, విన్న అక్షరాల వరుసను గుర్తుంచుకుని తిరిగి చెప్పడం లాంటివాటిలో డిస్లెక్సియా ఉన్నవారు సగటున వెనకబడతారు. కానీ ఒక్కో పిల్లవాడిని విడిగా చూస్తే, ధ్వని పరీక్షల్లో బాగానే ఉండి చదవలేనివాళ్లు చాలామంది తేలతారు.

బడి నేర్పే తీరు కూడా చిత్రాన్ని మారుస్తుంది. చైనాలో 1958లో అధికారికంగా ఆమోదించిన పిన్‌యిన్ అనే రోమన్ లిపి పద్ధతిని ఒకటో తరగతిలోనే నేర్పుతారు. తైవాన్‌లో జుయిన్ అనే ధ్వని గుర్తులు ఉన్నాయి. హాంకాంగ్ పిల్లలు ఇలాంటి ఊతం లేకుండా, కిండర్‌గార్టెన్ నుంచే అక్షరాన్ని చూసి పలకడం నేర్చుకుంటారు. ధ్వనులను విడదీయలేని పిల్లవాడు బీజింగ్‌లో పిన్‌యిన్ దగ్గరే తడబడి దొరికిపోవచ్చు. హాంకాంగ్‌లో అలాంటి పిల్లవాడి ఇబ్బంది ఆ వయసులో కంటికి కనపడకపోవచ్చు.

ముందు వరుసలో ఉన్న మూడు ఇబ్బందులు

హాంకాంగ్ విశ్వవిద్యాలయంలో కోనీ హో బృందం 2002లో, 2004లో ప్రచురించిన పరిశోధనలు ఇక్కడ కీలకం. 2004 నాటి పనిలో డిస్లెక్సియా ఉన్న 147 మంది పిల్లలను ఒక్కొక్కరిగా విశ్లేషించారు. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించినవి రెండు: పేర్లు వేగంగా చెప్పలేకపోవడం, అక్షర నిర్మాణంపై పట్టు లేకపోవడం. విన్న ధ్వనులను గుర్తుంచుకోలేకపోవడం, అంటే ధ్వని జ్ఞాపక లోపం, వాటికన్నా తక్కువ మందిలో ఉంది. చాలామందిలో ఒకటికి మించి లోపాలు కలిసే ఉన్నాయి.

వేగంగా పేర్లు చెప్పే పరీక్ష చూడటానికి చాలా తేలిక. కాగితం మీద ఐదు అంకెలే వరుస మార్చి మార్చి పదేపదే ముద్రించి ఉంటాయి. పిల్లవాడు ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా చదివేయాలి. అంకెలు అందరికీ తెలుసు, తప్పులు దాదాపు ఉండవు, టైమే తేడా. డిస్లెక్సియా ఉన్న పిల్లలు తెలిసిన అంకె దగ్గరే కాస్త ఆగి ముందుకెళ్తారు. చూసిన గుర్తుకూ దాని పేరుకూ మధ్య లంకె వదులుగా ఉందని దీని అర్థం. అక్షరంలో ఉచ్చారణకు పూర్తి ఆధారం దొరికే లిపిలో ఈ లంకె వదులైనా కూడబలుక్కుని చదవొచ్చు. చైనీస్‌లో కూడబలుక్కునే వీలు తక్కువ, పేరు నేరుగా గుర్తుకు రావాల్సిందే. ఈ నెమ్మదితనం ధ్వని లోపంలో భాగమా, వేరే లోపమా అన్న దానిపై పరిశోధకుల్లో ఇంకా ఏకాభిప్రాయం లేదు.

రెండోది అక్షర నిర్మాణం. డిస్లెక్సియా అనగానే ఇంగ్లీషులో బి, డి తారుమారు కావడమే గుర్తొస్తుంది. ఇక్కడి గందరగోళం అంతకన్నా సూక్ష్మమైనది. ‘పెద్ద’ అని అర్థమిచ్చే అక్షరానికి కింద చుక్క పెడితే ‘మరీ’ అవుతుంది, అదే చుక్క పైన కుడివైపు పెడితే ‘కుక్క’ అవుతుంది. అయినా ఇది కంటిచూపు సమస్య కాదు. ఏ భాగం ఎక్కడ ఉండొచ్చో తెలియడమే అసలు సంగతి. నీటిని సూచించే మూడు చుక్కలు ఎప్పుడూ ఎడమవైపే వస్తాయి. లేని అక్షరాలను కల్పించి, కొన్నిటిలో ఆ చుక్కలను ఎడమన, కొన్నిటిలో కుడిన పెట్టి, ఏది నిజమైన అక్షరం కావచ్చని అడిగితే మామూలుగా చదివే పిల్లలు కుడివైపువాటిని వెంటనే తీసిపారేస్తారు. డిస్లెక్సియా ఉన్నవాళ్లు తటపటాయిస్తారు. వాళ్లకు అక్షరం రెండు మూడు తెలిసిన ముక్కల కూర్పుగా కనిపించదు, పదీ పన్నెండు గీతల ముద్దగా కనిపిస్తుంది. అందుకే ప్రతి కొత్త అక్షరమూ మొదటినుంచి మోయాల్సిన బరువు అవుతుంది.

మూడోది మాటలోని అర్థపు ముక్కలపై స్పృహ. చైనీస్‌కు ప్రత్యేకమైన ఇబ్బంది ఎక్కడుందని అడిగితే ఎక్కువగా చూపించాల్సింది దీన్నే. విద్యుత్తును ‘త్యెన్’ అంటారు. విద్యుత్తు, మాట కలిస్తే ‘త్యెన్‌హ్వా’, అంటే ఫోన్. విద్యుత్తు, మెదడు కలిస్తే కంప్యూటర్. విద్యుత్తు, నీడ కలిస్తే సినిమా. దుకాణాన్ని కూడా ‘త్యెన్’ అనే అంటారు, స్వరం కూడా అదే. ‘షూత్యెన్’ అంటే పుస్తకాల షాపు. ఫోన్‌లోని త్యెన్, షాపులోని త్యెన్ వేర్వేరని మాట్లాడేటప్పుడు పిల్లవాడికి స్ఫురించకపోయినా పని జరిగిపోతుంది. రాసేటప్పుడు జరగదు, రెండింటికీ అక్షరాలు వేరు. డిక్టేషన్‌లో షాపు బదులు విద్యుత్తు రాసేసిన పిల్లవాడు ధ్వనిని సరిగ్గానే విన్నాడు, అర్థాన్ని విడదీయలేకపోయాడు.

ఈ స్పృహను కొలవడానికి క్యాథరిన్ మెక్‌బ్రైడ్, షూ హ్వా తదితర పరిశోధకులు ఇంకా బడిలో చేరని చిన్నపిల్లలూ చెప్పగలిగే ప్రశ్నలు తయారు చేశారు. పొద్దున్నే సూర్యుడు పైకి రావడాన్ని సూర్యోదయం అంటాం, రాత్రి చంద్రుడు అలాగే పైకొస్తే ఏమనాలి అన్నది ఆ తరహా ప్రశ్న. చంద్రోదయం అన్న జవాబు రావాలంటే మాటను ముక్కలుగా చూడగలగాలి. 2006లో షూ హ్వా, మెక్‌బ్రైడ్ బృందం బీజింగ్‌లో ఐదు, ఆరు తరగతుల పిల్లలపై చేసిన అధ్యయనంలో, డిస్లెక్సియా ఉన్నవారిని మిగతావారి నుంచి వేరుచేయడంలో ఈ నైపుణ్యమే బలంగా నిలిచింది. కోనీ హో తొలి పరిశోధనల్లో దీనికి ఇంత చోటు లేదు. ఏ పరిశోధన ఏ పరీక్ష పెట్టిందో చూడకుండా ‘ముఖ్య కారణం ఇదే’ అనే వార్తలను నమ్మలేం. కొలవని లోపం ఏ జాబితాలోనూ చేరదు మరి.

చేతిరాతతో ముడి

చైనా బడుల్లో ఒక అక్షరాన్ని గళ్ల పుస్తకంలో వరుసగా రాయించడం పాత పద్ధతి. 2005లో తాన్ లీహాయ్ బృందం బీజింగ్ పిల్లల్లో రాసే నైపుణ్యానికీ చదివే నైపుణ్యానికీ గట్టి సంబంధం ఉందని చూపింది. గీతల వరుస చేతికి అలవాటైతే అక్షరం లోపలి అమరిక మనసులో నిలుస్తుందన్నది వాళ్ల వివరణ. 2013లో అదే బృందం, పిన్‌యిన్‌తో ఎక్కువగా టైప్ చేసే పిల్లల చదువు స్కోర్లు తక్కువగా ఉన్నాయని నివేదించింది. టైపింగ్ వల్లే స్కోరు తగ్గిందని దీన్నిబట్టి తేల్చలేం. రెండూ కలిసి కనిపించాయని మాత్రమే చెప్పగలం.

హాంకాంగ్‌లో మరో విచిత్రమైన ఫలితం వచ్చింది. పిల్లలకు ముక్క కూడా తెలియని కొరియన్, హీబ్రూ లాంటి లిపులను చూసి రాయమంటే, డిస్లెక్సియా ఉన్నవాళ్లు అక్కడా వెనకబడ్డారు. తెలియని లిపికి ఉచ్చారణ, అర్థం ఏమీ ఉండవు. చూసిన రూపాన్ని విడదీసి చేతికి అందించే దశలోనే కొందరికి ఇబ్బంది ఉందని ఇది సూచిస్తోంది.

మెదడు చిత్రాల దగ్గర తొందరపాటు

2001లో ఇంగ్లీషు, ఫ్రెంచ్, ఇటాలియన్ చదివేవారి మెదళ్లను పోల్చిన పరిశోధన, భాష ఏదైనా డిస్లెక్సియాకు మెదడులో మూలం ఒక్కటేనని చెప్పింది. అయితే ఆ మూడూ రోమన్ లిపినే వాడతాయి. 2004లో తాన్ లీహాయ్ బృందం ‘నేచర్’ పత్రికలో దీనికి భిన్నమైన ఫలితం ఇచ్చింది. చైనీస్ పిల్లల్లో తేడా ప్రధానంగా మెదడు ముందువైపు ఉండే ఎడమ మధ్య ఫ్రంటల్ భాగంలో ఉందన్నది దాని సారాంశం. రూపం, ఉచ్చారణ, అర్థం మూడింటినీ ఒకేసారి సమన్వయం చేసే పనితో ఆ భాగానికి సంబంధం ఉందని భావిస్తారు. చైనీస్ డిస్లెక్సియా వేరు, ఇంగ్లీషు డిస్లెక్సియా వేరు అనే శీర్షికలు పుట్టింది దీన్నుంచే.

ఆ శీర్షికలు కాస్త ఎక్కువే చెప్పాయి. పరీక్షించింది కొద్దిమంది పిల్లలనే. 2010లో ‘బ్రెయిన్’ పత్రికలో వచ్చిన పరిశోధన చైనీస్, ఇంగ్లీషు పిల్లలను ఒకే పనితో పక్కపక్కన పోల్చి చూస్తే, డిస్లెక్సియా ఉన్న ఇరువర్గాల మెదళ్లలోనూ తేడాలు చాలావరకు ఒకే చోట్ల తేలాయి. ప్రస్తుతానికి నిలబడే మాట ఇంతే: బలహీనతల్లో కొన్ని ఉమ్మడివి, వాటిలో ఏది చదువును ఎంత దెబ్బతీస్తుందో లిపి నిర్ణయిస్తుంది.

రెండు లిపులు చదివేవాళ్లను చూస్తే ఇది స్పష్టమవుతుంది. 1999లో పరిశోధకులు తాయెకో వైడెల్, బ్రయాన్ బటర్‌వర్త్ వివరించిన ఒక అబ్బాయి జపాన్‌లో పెరిగాడు, ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడేవాడు. జపనీస్ దిట్టంగా చదివేవాడు, ఇంగ్లీషు దగ్గరకొచ్చేసరికి అతనికి తీవ్రమైన డిస్లెక్సియా. హాంకాంగ్‌లో చైనీస్, ఇంగ్లీషు రెండూ నేర్చుకునే పిల్లల్లో రెండింటిలోనూ వెనకబడేవారున్నారు, ఒక్కదానిలోనే వెనకబడేవారూ ఉన్నారు.

పరీక్షల మీద, బడి మీద ప్రభావం

హాంకాంగ్‌లో 2000 నుంచి స్థానికంగా తయారైన డిస్లెక్సియా పరీక్ష వాడుకలో ఉంది. అక్షరాలు చదవడం, డిక్టేషన్‌తోపాటు పేర్లు చెప్పే వేగం, ధ్వని స్పృహ, ధ్వని జ్ఞాపకం, అక్షర భాగాల స్థానం అందులో విడివిడిగా కొలుస్తారు. ఏ గడిలో మార్కు పడిపోయిందో చూస్తే నేర్పే తీరు మార్చుకోవచ్చు. నిర్మాణం దగ్గర ఆగే పిల్లవాడికి ‘ఛింగ్’ లాంటి కుటుంబాలను ఒకచోట చేర్చి నేర్పడం, అర్థాల దగ్గర తికమకపడేవాడికి త్యెన్ లాంటి మాటలను విడదీసి కలిపే ఆటలు ఆడించడం అలాంటివే. ఎవరికైనా ఒకటే మందు అన్నట్టు వందసార్లు రాయిస్తే అక్షరాన్ని ముద్దగా చూసే పిల్లవాడు ఆ ముద్దనే వందసార్లు రాస్తాడు.

భారతీయ లిపుల విషయంలోనూ ఇదే ప్రశ్న ఉంది. సోనాలి నాగ్ కన్నడ పిల్లలపై చేసిన పరిశోధనలో, గుణింతాలు, ఒత్తులతో కలిపి అక్షరాలన్నీ పట్టుబడటానికి ప్రాథమిక తరగతుల్లో ఏళ్లు పడుతోందని తేలింది. తెలుగు లిపి అమరిక కన్నడకు చాలా దగ్గర. ఉచ్చారణ విషయంలో రెండూ నమ్మదగిన లిపులే కానీ నేర్చుకోవాల్సిన రూపాలు వందల్లో ఉంటాయి, ఒత్తు కింద వస్తుంది, గుడి పైన వస్తుంది. ఇంగ్లీషు పరీక్షను అనువదిస్తే ఇవేవీ అందులో ఉండవు. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 2015లో తెచ్చిన ‘డాలి’ పరీక్షలు మొదట హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషు భాషల్లో, ఒక్కో భాషకు విడిగా వచ్చాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం డిస్లెక్సియా లాంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యాలను 21 రకాల వైకల్యాల జాబితాలో చేర్చింది కాబట్టి, తెలుగు మీడియం పిల్లవాడికి సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు ఏ భాషలో, ఏ లిపిలో పరీక్షించారన్నది కూడా అడగాల్సిన విషయమే. తెలుగులో ఆ పరీక్ష గుణింతం, ఒత్తు, సంయుక్తాక్షరం దగ్గర పిల్లవాడు ఎంతసేపు ఆగుతున్నాడో కొలవాలి. తెలుగు మాటలు ముక్కలు కలిసి పొడవుగా సాగుతాయి కాబట్టి, అర్థపు ముక్కలను విడదీసే ప్రశ్నలకూ అందులో చోటుండాలి.